దువ్వెన మొక్క

పోయినేడు అక్టోబరులో నేనొక పొరపాటు చేశాను. మా పెరట్లో మూడేళ్ళుగా పెరుగుతున్న ఎకినేసియా మొక్కనొకదాన్ని వేళ్ళతో సహా తవ్వి తీశాను. చలికాలం వస్తోంది, ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి జలుబులు మొదలవుతాయి, దుకాణంలో మందు సీసా కొనడమెందుకు, మన పెరటి మొక్కే ఉందిగా అనుకున్నాను. "పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అన్న సామెతను అబద్ధం చేద్దామన్న ఉబలాటం కూడా కొంత ఉంది. మట్టి దులిపి, కడిగి, చిన్న ముక్కలుగా తరిగి చేటలో ఆరబెట్టాను. పది రోజులకు ఎండి నా గుప్పిట్లో పట్టేంత మిగిలింది. ఆ గుప్పెడు కోసం వేసవంతా ఇరవైకి పైగా పూలు పూసిన మొక్క పోయింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి చేటలోకి తొంగిచూసి, "ఇంతేనా అమ్మా?" అంది. జవాబు చెప్పలేకపోయాను.

చిన్నప్పుడు కడపలో ఎండాకాలం వస్తే నన్నారి షర్బత్తు తాగని రోజుండేది కాదు. అది వేరు నుంచి వస్తుందని తెలుసు. వేరు తీస్తే ఆ తీగ ఏమవుతుందని మాత్రం ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. నా చేతులతో నేనే తవ్వితే గానీ ఆ ప్రశ్న పుట్టలేదు. అప్పటినుంచి లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని ఈ మొక్క కథ చదువుతూ వచ్చాను. చదివాక అర్థమైంది, నేను ఒక్క మొక్కకు చేసిన పనిని ఈ దేశం నూట నలభై ఏళ్ళుగా బస్తాల లెక్కన చేస్తోందని.

ముందు మొక్కను పరిచయం చేస్తాను. మేముండేది అమెరికా నడిమధ్యన, కాన్సాస్ రాష్ట్రంలో. జూన్ నెలాఖరుకి ఇక్కడ చాలా ఇళ్ళ ముందు ఊదా కలిసిన గులాబీ రంగు పూలు కనిపిస్తాయి. రేకులు గొడుగులా కిందికి వాలి ఉంటాయి. మధ్యలో నారింజ రంగు బొడిపె గరుకు గరుకుగా పైకి ఉబ్బి ఉంటుంది. మన బంతి, చేమంతి, పొద్దుతిరుగుడు కుటుంబమే. ఇందులో తొమ్మిది జాతులు ఉన్నాయి. అన్నిటికీ పుట్టిల్లు ఉత్తర అమెరికాయే. మన కథకు రెండు చాలు. తోటల్లో అందరూ పెంచేది, మా పెరట్లో ఉన్నది, ఎకినేసియా పర్ప్యూరియా. దాని వేళ్ళు పీచులా గుంపుగా ఉంటాయి. రెండోది ఎకినేసియా అంగుస్టిఫోలియా, అంటే సన్నాకుది. ఇది పడమటి గడ్డి మైదానాలది. పొట్టిగా ఉంటుంది కానీ, ముల్లంగిలా ఒకే వేరు లోతుగా నేలలోకి దిగుతుంది. మందు చరిత్రంతా మొదట ఈ రెండోదానిదే.

ఆ గడ్డి మైదానాలనే ప్రైరీ అంటారు. ప్రైరీ అంటే మన ఊరి బీడులాంటిదని ఊహించుకోకండి. తూర్పు వైపు గడ్డి మనిషెత్తు దాటి పెరుగుతుంది. దాని వేళ్ళు అంతకంటే లోతుకు పోతాయి. ఆ వేళ్ళ అల్లిక గట్టిదనానికి మామూలు ఇనప నాగళ్ళకు మట్టి అంటుకుపోయి సాగేది కాదు. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఉక్కు నాగలి తయారుచేశాడు. 1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం సాగు చేసుకునేవాళ్ళకు తలా 160 ఎకరాల దాకా ఇచ్చింది. చూస్తుండగానే మైదానం మొక్కజొన్న చేలుగా మారింది. పొడుగు గడ్డి ప్రైరీలో ఇప్పుడు మిగిలింది సుమారు నాలుగు శాతమే. అందులో ఎక్కువ భాగం మా కాన్సాస్‌లోని ఫ్లింట్ హిల్స్‌లో ఉంది. ఫ్లింట్ అంటే చెకుముకి రాయి. నేలలో ఆ రాళ్ళున్నాయి కాబట్టి నాగలి దిగలేదు, దిగలేదు కాబట్టి గడ్డి బతికింది. 1996లో అక్కడ కొంత భాగాన్ని జాతీయ సంరక్షణ స్థలంగా చేశారు. మేము జూన్‌లో వెళ్ళాం. గడ్డి మధ్యలో పూలు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. పెరట్లోలా గుబురుగా లేవు. వెతికి చూడాల్సి వచ్చింది.

ఇక పేర్ల సంగతి. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కాబట్టి ఏ మొక్క కనిపించినా ముందు నా ధ్యాస పేరు మీదికే పోతుంది. 1753లో లినేయస్ పర్ప్యూరియాను రుడ్బెకియా అనే మరో పూల జాబితాలో చేర్చాడు. 1794లో కోన్రాడ్ మోంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని విడదీసి ఎకినేసియా అని పేరు పెట్టాడు. గ్రీకులో ఎకినోస్ అంటే ముళ్ళపంది. ఎండిన పువ్వు బొడిపెను చేత్తో తాకితే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది. వాళ్ళిద్దరూ యూరప్‌లో కూర్చుని చూసినవాళ్ళు, వాళ్ళకు ముళ్ళే కనిపించాయి.

ఈ మొక్క మధ్యలో పుట్టి పెరిగినవాళ్ళు పెట్టుకున్న పేర్లు వేరు. మెల్విన్ గిల్మోర్ అనే ఆయన మిస్సోరి నది ప్రాంతపు మూలవాసుల దగ్గర మొక్కల వాడకం అడిగి తెలుసుకుని, 1919లో ఒక గ్రంథం అచ్చు వేయించాడు. సన్నాకు ఎకినేసియాకు ఏ తెగవాళ్ళు ఏ పేరు పెట్టుకున్నారో అందులో రాశాడు. ఒమాహా, పోంకా వాళ్ళు దీన్ని మికాహి అంటారు, దువ్వెన మొక్క అని అర్థం. ఎండిన బొడిపెతో తల దువ్వుకునేవారట. వాళ్ళదే ఇంకో పేరు కళ్ళు కడుక్కునే మందుగా దీన్ని వాడడాన్ని బట్టి వచ్చింది. డకోటా వాళ్ళకు ఇది కొరడా మొక్క. పావ్నీ వాళ్ళ పేరు నాకు అన్నిటికంటే నచ్చింది. పిల్లలు రెండు కాడలు తీసుకుని, తలలు రెండూ ఆనించి, ఒకదాని చుట్టూ ఇంకొకదాన్ని గిరగిరా తిప్పి ఆడుకునేవారు. చేత్తో తిప్పేది అన్న అర్థంలో పేరు పెట్టేశారు.

చూశారా, దువ్వెన, కళ్ళమందు, కొరడా, పిల్లల ఆట. ఇవి పండితుడు పెట్టిన పేర్లు కావు. పొద్దున లేచి తలదువ్వి, పిల్లల్ని ఆడించి, కళ్ళు ఎర్రబడితే కడిగే ఇంట్లో పుట్టిన పేర్లు. చరిత్ర పుస్తకాల్లో ఆ ఇళ్ళల్లోని ఆడవాళ్ళ పేర్లు చాలావరకు లేవు. వాళ్ళు బతికిన బతుకు మాత్రం ఈ పేర్లలో మిగిలి ఉంది.

మందుగా దీని వాడకం గురించి గిల్మోర్ చాలా రాశాడు. పాముకాటుకు, తేలు లాంటివి కుడితే, పంటినొప్పికి, కాలిన గాయాల మంటకు, తలనొప్పికి పొగగా, ఆఖరికి గుర్రాల జబ్బుకు కూడా వాడేవారు. పంటినొప్పి మాట చదవగానే నాకు మా అమ్మమ్మ అక్కలకర్ర గుర్తొచ్చింది. మాటలు సరిగా రాని పిల్లలకు తేనెలో అరగదీసి నాలుకకు రాసేది. పన్ను పోటు అంటే పెద్దవాళ్ళను ఒక ముక్క నొక్కిపెట్టుకోమనేది. నోరంతా చిమచిమలాడి తిమ్మిరెక్కేది. నేను తవ్వి తెచ్చిన ఎకినేసియా వేరు ముక్క నమిలి చూస్తే సరిగ్గా అదే చిమచిమ! అక్కలకర్రదీ ఇదే చేమంతి కుటుంబం. రెండింటిలోనూ ఆల్కమైడ్లు అనే పదార్థాలు ఉంటాయి, ఆ తిమ్మిరి వాటిదే. సముద్రాలకు అటొకరు ఇటొకరు ఉన్న అమ్మమ్మలు, ఒకరి ఉనికి ఒకరికి తెలియకుండానే, ఒకే రుచిని పట్టుకుని ఒకే నొప్పికి వాడారు.

ఈ విద్య తెల్లవాళ్ళ కాగితాల్లోకి మెల్లగా ఎక్కింది. 1805లో లూయిస్, క్లార్క్ యాత్ర బృందం డకోటా ప్రాంతం నుంచి అధ్యక్షుడు జెఫర్సన్‌కు పంపిన వస్తువుల్లో, పాముకాటుకూ పిచ్చికుక్క కాటుకూ మందని చెప్పిన వేరు ఒకటుంది. అది ఎకినేసియాయే అని పరిశోధకుల అభిప్రాయం. కానీ అసలు వ్యాపారం మొదలైంది 1880ల్లో. నెబ్రాస్కా రాష్ట్రంలో పావ్నీ సిటీ అనే చిన్న ఊళ్ళో మేయర్ అనే జర్మన్ నాటువైద్యుడు ఈ వేరుతో మందు చేసి "మేయర్స్ బ్లడ్ ప్యూరిఫయర్" అని అమ్మాడు. రక్తశుద్ధి మందన్నమాట. సిన్సినాటి నగరంలోని జాన్ కింగ్ అనే వైద్యుడికీ, జాన్ యూరీ లాయిడ్ అనే మందుల తయారీదారుకీ దాన్ని పంపాడు. కావాలంటే గిలక పాముతో కరిపించుకుని, ఈ మందుతో నయం చేసుకుని చూపిస్తానన్నాడు. వాళ్ళు వద్దన్నారు.

ఆ ఊరి పేరు దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. పావ్నీ సిటీ. పావ్నీ వాళ్ళను 1870ల మధ్యలో నెబ్రాస్కా నుంచి ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. పదేళ్ళు తిరగకుండా, వాళ్ళ పేరు పెట్టుకున్న ఊళ్ళో, వాళ్ళ పిల్లలు తిప్పి ఆడుకున్న మొక్క సీసాలోకి ఎక్కింది. సీసా మీద మేయర్ పేరుంది. పావ్నీల పేరు ఊరికి మిగిలింది, ఊళ్ళో పావ్నీలు లేరు.

తరువాత కథ వేగంగా నడిచింది. లాయిడ్ మొదట నమ్మలేదు. కింగ్ తన రోగులకు వాడి చూసి, 1887లో వైద్య పత్రికలో రాశాడు. లాయిడ్ సోదరుల కంపెనీ వేరు సారంతో మందులు తయారుచేసింది. అవి వాళ్ళ దగ్గర బాగా అమ్ముడుపోయే మందులయ్యాయి. 1909లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మండలి దీనికి విలువ లేదని తేల్చింది. అయినా 1916లో ఆ దేశపు అధికారిక మందుల పట్టికల్లో ఒకటైన నేషనల్ ఫార్ములరీలో చేరింది. యాంటీబయాటిక్స్ వచ్చాక ఇక్కడ దీన్ని దాదాపు మరిచిపోయారు.

ఇది బతికింది జర్మనీలో, అదీ ఒక పొరపాటు వల్ల. 1930ల్లో గెర్హార్డ్ మడాస్ అనే వైద్యుడు సన్నాకు రకం పెంచుదామని అమెరికా నుంచి విత్తనాలు తెప్పించాడు. మొలిచి పూశాక చూస్తే అది పర్ప్యూరియా! ఉన్నదానితోనే పని మొదలుపెట్టి, వేరు జోలికి పోకుండా పూతమీదున్న మొక్క పైభాగం కోసి పిండిన రసంతో మందు చేశాడు. వేరు నేలలోనే ఉంటుంది, మళ్ళీ చిగురిస్తుంది. ఇది చదివినప్పుడు నా చేట గుర్తొచ్చి సిగ్గేసింది. పొరపాటున చేతికొచ్చిన మొక్కతో ఆయన సరైన పని చేశాడు. సరైన మొక్క చేతిలో ఉండి నేను పొరపాటు చేశాను.

1990ల్లో అమెరికాలో మూలికల మందులకు మళ్ళీ గిరాకీ వచ్చింది. ఎకినేసియా అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయే వాటిలో ఒకటైంది. సన్నాకు రకం పొలంలో నెమ్మదిగా పెరుగుతుంది, వేరు తవ్వడానికి మూడు నాలుగేళ్ళు ఆగాలి. అంతవరకూ ఆగలేనివాళ్ళు ప్రైరీ మీద పడ్డారు. కాన్సాస్, డకోటాలు, మోంటానాల్లో పారలు పట్టుకుని, రోడ్ల పక్కన, ఇతరుల భూముల్లో, మూలవాసుల రిజర్వేషన్ నేలల్లో తవ్వేశారు. దొంగతనంగా తవ్వేవాళ్ళను ఆపడానికి 1999లో నార్త్ డకోటా చట్టం చేసింది. తవ్వినచోట మిగిలిన వేరు ముక్కల్లో కొన్ని మళ్ళీ మొలకెత్తుతాయి, అదే ఈ మొక్కను కాపాడింది. మనుషులు మాత్రం తమంతట తాము ఆగలేదు.

మూలవాసులు కూడా వేరే తవ్వారు కదా అని మీరడగవచ్చు. నేనూ అడుగుకున్నాను. తవ్వారు. కానీ ఇంటికి తవ్వే వేరు వేరు, గిడ్డంగికి తవ్వే వేరు వేరు. పంటినొప్పికి ఒక ముక్క చాలు. గిడ్డంగికి చాలన్న మాటే లేదు.

ఇంతా చేసి జలుబు తగ్గుతుందా? ఇది సూటిగా చెప్పాలి, ఎందుకంటే ఈ మందు కొనేది ఎక్కువగా మనలాంటి ఇంటి ఇల్లాళ్ళే. 2014లో కోక్రేన్ సంస్థ 24 ప్రయోగాలను కలిపి పరిశీలించింది. కొన్ని రకాల తయారీల వల్ల కొద్దిపాటి ఉపయోగం ఉండవచ్చు గానీ గట్టి రుజువు లేదని తేల్చింది. కాబట్టి అద్భుతమని చెప్పను. పాముకాటుకైతే ఆసుపత్రి తప్ప ఇంకో మాటే లేదు. బంతి, చేమంతి, రాగ్‌వీడ్ పుప్పొడి పడనివాళ్ళు దీని జోలికి పోకూడదు. కీళ్ళవాతం లాంటి, శరీరం తనమీద తానే తిరగబడే జబ్బులున్నవాళ్ళు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా తాగకూడదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు నోటిద్వారా ఇవ్వవద్దని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2012లో చెప్పింది. మా ఇంట్లో చిన్నవాడికి నేను ఇవ్వను.

నేనిప్పుడు చేసేది చెబుతాను. పూత మొదలయ్యాక కొన్ని ఆకులు, రెండు మూడు పూలు మాత్రమే కోసి నీడలో ఆరబెడతాను. ఒక మొక్క నుంచి మూడో వంతుకు మించి కోయను. చలికాలంలో అల్లంతో కలిపి మరిగించి, తేనె వేసుకుని నేనూ మావారూ తాగుతాం. గొంతుకు వెచ్చగా, నాలుకకు కొంచెం చిమచిమగా ఉంటుంది. అంతకుమించి దాని నుంచి ఆశించను.

పెంచడం తేలిక, ఓపిక ఉంటే. విత్తనానికి చలి తగలాలి. నవంబరులో బయట మట్టిలో చల్లి, పైన పల్చగా మట్టి కప్పి వదిలేస్తే మంచు కాలమే ఆ పని చేసిపెడుతుంది. లేదంటే తడి ఇసుకలో కలిపి నాలుగైదు వారాలు ఫ్రిజ్‌లో పెట్టి వసంతంలో నాటుకోవచ్చు. మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరం ఉండాలి. ఎండ బాగా తగలాలి, నీళ్ళు నిలవకూడదు. ఎరువు వేసి ముద్దు చేయకండి, కాడలు పొడుగ్గా పెరిగి పడిపోతాయి. మొదటి ఏడాది ఆకులే ఉంటాయి, రెండో ఏడాదే పూలు. పూలు ఆకుపచ్చగా వంకరటింకరగా వస్తే అది పచ్చదోమ లాంటి పురుగు మోసుకొచ్చే తెగులు, దానికి మందు లేదు. ఆ ఒక్క మొక్కను మాత్రం మొహమాటపడకుండా పీకేయాలి. నర్సరీలో రేకుల మీద రేకులతో బంతిపువ్వులా ఉండే రకాలు అమ్ముతారు. చూడ్డానికి బాగుంటాయి గానీ తేనెటీగలకు వాటిలో దొరికేది తక్కువ. మామూలు రకమే వేసుకోండి.

పూలు వాడాక ఎండిన బొడిపెల్ని కత్తిరించకుండా వదిలేయండి. సెప్టెంబరు నుంచి గోల్డ్‌ఫించ్ అనే పసుపు పిట్టలు వచ్చి, కాడ మీద ఊగుతూ ఒక్కొక్క గింజా లాక్కుని తింటాయి. మంచు పడ్డాక కూడా ఆ నల్లటి బొడిపెలు తలల మీద తెల్లటి టోపీలు పెట్టుకుని నిలబడి ఉంటాయి.

నేను తవ్విన చోట పోయిన చలికాలమంతా గుంత అలాగే ఉంది. నవంబరులో దాని పక్క మొక్క గింజలే చల్లాను. మే నెలలో నాలుగు మొలకలు కనిపించాయి. ఒకటి కుందేలు తినేసింది, మూడు మిగిలాయి. ఈ ఏడు పూయవు, వచ్చే ఏడు పూస్తాయి.

మొన్న మా అమ్మాయికి పావ్నీ పిల్లల ఆట చెప్పాను. పాత మొక్కల నుంచి రెండు ఎండు కాడలు తెంచి తలలు ఆనించి తిప్పబోయింది. మొదట కుదరలేదు, జారిపోయాయి. చాలాసేపు కూర్చుని, చివరికి తిప్పింది. తరువాత ఆ బొడిపెతోనే తమ్ముడి జుట్టు దువ్వబోతే వాడు అరుస్తూ పారిపోయాడు. పని అయిపోయాక రెండు కాడల్నీ నా చేతికిచ్చి, "వీటిలో గింజలున్నాయమ్మా, పారేయకు" అంది. కాగితం పొట్లం కట్టి, మీద తేదీ వేసి, మికాహి అని రాసి ఫ్రిజ్‌లో పెట్టాను.